జవాబు వెళ్లింది, పని ముగిసిందా? – ఒక ఆఫీసు మెయిల్ డైరీ

1వ రోజు, సోమవారం

నంద్యాల డీలరు ఫోను చేసేసరికి పదకొండు కావస్తోంది. “మేడమ్, మెయిల్ పెట్టి తొమ్మిది రోజులైంది. 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు సీల్ సెట్టు ఉందా లేదా అని అడిగాను. ఉందనండి, లేదనండి, ఏదో ఒకటి అనండి” అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, క్షమాపణ చెప్పడం తేలికయ్యేది.

విజయవాడ ఆటోనగర్‌లో వ్యవసాయ మోటార్ల విడిభాగాలు అమ్మే చిన్న సంస్థ మాది. డీలర్ల మెయిళ్లన్నీ ఒకే షేర్డ్ మెయిల్‌బాక్స్‌కు వస్తాయి. దాన్ని చూసేది ముగ్గురం: నేను, డిస్పాచ్ అబ్బాయి, స్టోర్స్ సూపర్‌వైజర్ గారు. నంద్యాల ఉత్తరాన్ని ముగ్గురమూ చదివాం. స్టాకు సంగతి కాబట్టి స్టోర్స్ వాళ్లు రాస్తారని నేను, పంపించే సంగతి కాబట్టి డిస్పాచ్ వాళ్లు రాస్తారని ఆయన, పెద్దవాళ్లుండగా తానెందుకని ఆ అబ్బాయి. అంతా శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

సాయంత్రం యజమాని గారి ముందు ఒప్పుకున్నాను. మెయిల్ అందగానే “అందింది” అని దానంతట అదే జవాబు వెళ్లాలి. ఎవరు, ఎప్పుడు జవాబిచ్చారో ఎక్సెల్‌లో దానంతట అదే ఎక్కాలి. రోజూ నాలుగు గంటలకు, ఇరవై నాలుగు గంటలు దాటినా జవాబు లేని ఉత్తరాల చిట్టా రావాలి. మా మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌లో మాక్రోలతో, అంటే దాని లోపలే మనం రాసే చిన్న కోడ్‌తో, ఇది చేయగలనని అనేశాను. ఎక్సెల్‌లో మాక్రోలు రాసిన అనుభవం ఉంది, ఔట్‌లుక్‌లో లేదు. ఆ రెండో ముక్క ఆయనకు చెప్పలేదు.

2వ రోజు

మాక్రోల జోలికి వెళ్లే ముందు రూల్స్‌తో సరిపోతుందేమో చూశాను. ఫలానా టెంప్లేటుతో జవాబివ్వు అనే రూల్ ఔట్‌లుక్‌లోనే ఉంది. కానీ అది ఒక పంపేవారికి ఒకసారే జవాబిస్తుంది. ఔట్‌లుక్ మూసి మళ్లీ తెరిస్తే తప్ప అదే మనిషికి రెండో జవాబు వెళ్లదు. మా డీలర్లు రోజుకు నాలుగు మెయిళ్లు పంపిస్తారు, నాలుగూ నాలుగు సంగతులు. పైగా ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు ఇవ్వాలని నా ఆలోచన. రూల్‌కు లెక్కపెట్టడం రాదు.

కాబట్టి మాక్రోనే. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే తెరుచుకునే ఎడిటర్‌లో ‘దిస్ ఔట్‌లుక్ సెషన్’ అనే చోట రాయాలి. ఇన్‌బాక్స్‌లోని ఐటమ్స్‌ను ఒక వేరియబుల్‌లో, అంటే కోడ్‌లో పేరు పెట్టిన ఒక గూటిలో, పట్టుకుని దానికి ‘విత్‌ఈవెంట్స్’ తగిలిస్తే, కొత్త మెయిల్ పడినప్పుడల్లా ‘ఐటమ్‌యాడ్’ అనే ఈవెంట్ మన కోడ్‌ను లేపుతుంది. షేర్డ్ మెయిల్‌బాక్స్ కాబట్టి మామూలు ‘గెట్ డిఫాల్ట్ ఫోల్డర్’ కాకుండా ‘గెట్ షేర్డ్ డిఫాల్ట్ ఫోల్డర్’ వాడాలి. ఇది తెలియక గంటసేపు నా సొంత ఇన్‌బాక్స్‌కు కాపలా పెట్టి, ఏమీ జరగడం లేదేమిటని చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఎడిటర్ నా కోడ్‌నే ఒప్పుకోలేదు. వేరియబుల్‌ను ప్రొసీజర్ (ఒక పని చేసే కోడ్ ముక్క) లోపల ప్రకటించడమే తప్పు. ప్రొసీజర్ ముగియగానే అందులోని వేరియబుల్ పోతుంది, కాపలాకు అది పనికిరాదు. కోడ్ పేజీ (మాడ్యూల్) పైభాగంలో ప్రకటిస్తే ఔట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపూ నిలుస్తుంది. ఎక్సెల్ అలవాటు ఇక్కడ పనికిరాలేదు.

3వ రోజు

మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు కుర్రవాడు మాక్రో అన్న మాట వినగానే మొహం చిట్లించాడు. అతన్ని తప్పుపట్టలేను. 1999లో మెలిస్సా అనే వర్డ్ మాక్రో వైరస్ ఔట్‌లుక్ అడ్రస్ బుక్‌లోని మొదటి యాభై అడ్రసులకు తనను తానే పంపుకుంది. మరుసటి ఏడు మే నెలలో ‘ఐ లవ్ యూ’ వచ్చింది. అది మాక్రో కాదు, జతచేసిన స్క్రిప్టు ఫైలు. కానీ ఔట్‌లుక్ చేత మెయిల్స్ పంపించడమనే పని రెంటిదీ ఒకటే. మన ప్రోగ్రామ్ చేత మెయిల్ పంపించబోతే ఔట్‌లుక్ ఇన్ని అనుమానాలు పడటానికి ఆ కాలపు దెబ్బలే కారణం. నేను చేయబోతున్నది కూడా, నిజం చెప్పాలంటే, ఆ పనే.

రాజీ ఇలా కుదిరింది. సెల్ఫ్‌సర్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో నా పేర ఒక సర్టిఫికెట్ తయారుచేసి మాక్రో మీద సంతకం పెట్టాను. సంతకం ఉన్న మాక్రోలనే నడపమని ఔట్‌లుక్ భద్రతా సెట్టింగులుండే ట్రస్ట్ సెంటర్‌లో పెట్టాం. అన్ని మాక్రోలనూ అనుమతించే బొత్తం అక్కడే ఉంది, చాలా తేలిక. కుర్రవాడు దాని మీద వేలు వేయనివ్వలేదు. మంచి పనే చేశాడు.

5వ రోజు

ఈ రోజంతా తెలుగుతో గడిచింది.

మా డీలర్లలో సగానికిపైగా తెలుగులోనే రాస్తారు, కొందరు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాలతో. జవాబు తెలుగులో ఉండాలని మొదటి నుంచీ అనుకున్నాను. “మీ ఉత్తరం అందింది” అని ఎడిటర్‌లో అతికించాను. కనిపించింది వరుసగా ప్రశ్నార్థకాలు. ఆ ఎడిటర్‌కు యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పద్ధతి, రాదు. ఔట్‌లుక్‌కు వచ్చు, విండోస్‌కు వచ్చు, మధ్యలో కోడ్ రాసే కిటికీకి మాత్రం రాదు. ‘క్రోడబ్ల్యూ’ అనే ఫంక్షన్‌తో ఒక్కో అక్షరాన్ని సంఖ్యగా ఇవ్వవచ్చు. ‘అ’ అంటే పదహారు అంకెల పద్ధతిలో 0సీ05. ఒత్తులు, గుణింతాలు వేరువేరుగా లెక్క. “అందింది” అనే ఒక్క మాటకు ఏడు సంఖ్యలు రాసి, పెన్ను కింద పెట్టేశాను.

దారి వేరే ఉంది. వాక్యాలన్నీ నోట్‌ప్యాడ్‌లో రాసి యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో దాచి, ఏడీఓడీబీ స్ట్రీమ్ అనే ఫైలు చదివే సాధనం ద్వారా చదివిస్తే అక్షరాలు చెక్కుచెదరకుండా వస్తాయి. మామూలు ‘ఓపెన్’ ఆజ్ఞతో చదివిస్తే మళ్లీ చెడిపోతాయి. దీనివల్ల మరో మేలు కూడా జరిగింది. మాటలు మార్చాలంటే ఇక కోడ్ ముట్టుకోనక్కరలేదు.

మాటలు మార్చాల్సి వచ్చింది కూడా. నా మొదటి ముసాయిదా: “మీ విలువైన ఉత్తరం అందినది. త్వరలో స్పందించగలము.” మా అకౌంట్లు చూసే బాబాయి గారు చదివి, “త్వరలో అంటే ఎప్పుడమ్మా?” అన్నారు. ఆయన తహసీల్దార్ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌గా పదవీ విరమణ చేసి, వారానికి మూడు రోజులు మా దగ్గరికి వస్తారు. ‘త్వరలో’ అని జీవితమంతా రాసి పంపిన మనిషి కాబట్టి దాని విలువ ఆయనకు బాగా తెలుసు. చివరకు నిలిచినది ఇది: “నమస్కారం. మీ మెయిల్ మాకు అందింది. దాని నంబరు ఇది. రేపు సాయంత్రంలోగా మా మనిషి జవాబు రాస్తారు. ఆలోగా అవసరమైతే ఈ నంబరు చెప్పి ఫోను చేయండి. ఇది కంప్యూటరు పంపిన రసీదు.” ఆ చివరి వాక్యం వద్దని డిస్పాచ్ అబ్బాయి అన్నాడు, మర్యాదగా లేదట. ఉంచేశాను. యంత్రం పంపినదాన్ని మనిషి పంపినట్లు నటించడం నాకు నచ్చదు.

6వ రోజు

ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. ఇన్‌బాక్స్‌లో పడేవన్నీ మెయిళ్లు కావు. మీటింగు పిలుపులు వేరే రకం, చేరలేదని తిరిగివచ్చే నోటీసులు వేరే రకం. మెయిలేనా అని అడిగి చూసుకున్నాకే ముట్టుకోవాలి. తప్పు వస్తే దాటి వెళ్లిపొమ్మనే ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అనే వాక్యం ఒకటి ఉంది. పెట్టాను, తీసేశాను. మేం ముగ్గురం నంద్యాల మెయిల్‌ను చేసినది సరిగ్గా అదే.

8వ రోజు

ఉదయం వచ్చి చూస్తే మాక్రో నింపే ఎక్సెల్ రిజిస్టరులో రాత్రికి రాత్రి రెండు వందలకు పైగా కొత్త వరుసలు. అన్నీ ఒకే అడ్రసు నుంచి.

సరుకు రవాణా చేసే ఒక సంస్థకు రాత్రి ఎనిమిదింటికి లోడు వివరాలు అడిగాం. వాళ్ల దగ్గరా మనలాంటి యంత్రమే ఉంది. వచ్చిన ప్రతి మెయిల్‌కూ ఫిర్యాదు నంబరు ఇస్తుంది. అది మాకు నంబరు పంపింది. నా మాక్రో దానికి రసీదు పంపింది. ఆ రసీదుకు వాళ్ల యంత్రం కొత్త నంబరు ఇచ్చింది. తెల్లవార్లూ నమస్కారానికి ప్రతి నమస్కారం. వాళ్ల ఆఫీసులో నాలాంటి మనిషి ఎవరో ఉండే ఉంటారు, ఆమెకు ఈ ఉదయం ఎలా ఉందో.

సెలవులో ఉన్నామని ఔట్‌లుక్ పంపే నోటీసు ఇలా ఎందుకు తిరగదంటే, అది ఒక్కో మనిషికి ఒక్కసారే వెళుతుంది. రూల్‌లో నేను తిట్టుకున్న ఆ ఒకసారి నిబంధన వెనుక ఉన్న తెలివి ఇప్పుడు అర్థమైంది. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మొత్తం ఈ గొడవ గురించే. యంత్రం పంపే జవాబు ‘ఆటో సబ్మిటెడ్’ అనే హెడర్‌తో (మెయిల్‌తోపాటు కనబడకుండా వెళ్లే సమాచార వరుస) తన సంగతి తానే చెప్పుకోవాలి. ఆ హెడర్ ఉన్నదానికి మరో యంత్రం జవాబివ్వకూడదు. పంపినవారి చోటు ఖాళీగా ఉన్నా ఇవ్వకూడదు.

ఇప్పుడు నా మాక్రో ముందుగా వచ్చిన మెయిల్ హెడర్లు చదువుతుంది. ఆ గుర్తు కనిపిస్తే రసీదు ఇవ్వదు. అందరూ ఆ గుర్తు పెడతారన్న నమ్మకం లేదు. అందుకని ఒక అడ్రసుకు గంటలో మూడు రసీదులు దాటకూడదని గట్టు కట్టాను. నాలుగో మెయిల్‌కు నంబరు పడుతుంది, రసీదు మాత్రం వెళ్లదు.

10వ రోజు, బుధవారం

నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు లేదు. వచ్చాక ఔట్‌లుక్ తెరిస్తే మెయిళ్లన్నీ ఒక్కసారిగా దిగాయి, సగానికి నంబర్లు పడలేదు. ఒకేసారి ఎక్కువ మెయిళ్లు వచ్చి పడితే ‘ఐటమ్‌యాడ్’ ఈవెంట్ రాదని సహాయ పత్రాల్లోనే రాసి ఉంది. చదవలేదు. ఇక నుంచి ఔట్‌లుక్ తెరిచినప్పుడూ, ఆపై ప్రతి అరగంటకూ, నంబరు లేని మెయిళ్లను వెతికి పట్టే ప్రొసీజర్ నడుస్తుంది. ఆ వెతుకులాటలో తేదీని మనవైపు పద్ధతిలో రోజు ముందు, నెల వెనుక రాయాలా, అమెరికా పద్ధతిలోనా అన్నది కంప్యూటరు సెట్టింగు మీద ఆధారపడుతుంది. పన్నెండో తేదీ వరకూ తప్పు కనబడదు, పదమూడో తేదీన బయటపడుతుంది. సిస్టమ్ తేదీ రూపాన్నే తీసుకునేలా రాసి దాటేశాను.

12వ రోజు

అసలు పని ఇప్పుడు మొదలైంది. జవాబు వెళ్లిందని ఎలా తెలుస్తుంది?

ఒక సంభాషణలోని మెయిళ్లన్నిటికీ ఔట్‌లుక్ ఒకే కన్వర్సేషన్ ఐడీ ఇస్తుంది. దానితోపాటు కన్వర్సేషన్ ఇండెక్స్ అని ఒకటుంటుంది. మొదటి ఉత్తరానికి 22 బైట్లు, ఆ తర్వాతి ప్రతి జవాబుకూ మరో 5 బైట్లు చేరతాయి. పొడవు చూస్తే అది ఎన్నో తరం జవాబో తెలిసిపోతుంది. వంశవృక్షం లాంటిది. చూడగానే ముచ్చటేసింది. సెంట్ ఐటమ్స్ ఫోల్డరుకు మరో కాపలా పెట్టి, పంపిన ప్రతి మెయిల్ ఐడీనీ రిజిస్టరులో వెతికించి, దొరికిన వరుసలో సమయం, పంపినవారి పేరు రాయించాను.

మొదట ఏమీ దొరకలేదు. షేర్డ్ మెయిల్‌బాక్స్ పేరుతో పంపినా, నకలు పంపిన మనిషి సొంత సెంట్ ఐటమ్స్‌లోనే పడుతోంది. సర్వర్ వైపు ఒక సెట్టింగు మారిస్తే నకలు షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో కూడా పడుతుంది. అది మార్చే అధికారం నాకు లేదు. కాంట్రాక్టు కుర్రవాడికి టీ ఇప్పించాను, రెండు నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం చిట్టా తీశాను. జవాబు లేనివి: సున్నా.

యజమాని గారికి చూపించాను. ఆయన భుజం తట్టారు. ఇంటికి వెళ్లే దారిలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో ఆగినప్పుడు తట్టింది. నంద్యాల మెయిల్‌కు ఇంకా సమాధానమే రాయలేదు. ఫోనులోనే మాట్లాడి, ఫ్యాక్టరీని అడిగి చెబుతామన్నాం. మరి దాని వరుసలో జవాబు సమయం ఎలా పడింది?

13వ రోజు

రసీదు. నేను పంపించిన రసీదే. పాతవాటికీ నంబరు ఉండాలని మొన్న నంద్యాల మెయిల్‌తో సహా అన్నిటికీ మాక్రో నడిపాను. రసీదు కూడా అదే సంభాషణలో జవాబే కదా, సెంట్ ఐటమ్స్‌లోనే పడుతుంది కదా. రెండో కాపలాదారు దాన్ని పట్టుకుని జవాబు వెళ్లిందని రాసేశాడు. మెయిల్ వచ్చిన అర నిమిషంలో మా ఆఫీసు అందరికీ సమాధానం చెబుతోంది! ఈ లెక్క మరో నెల నడిస్తే మాకేదైనా బహుమతి వచ్చేది.

మరమ్మతు చిన్నదే. ‘సేవ్ సెంట్ మెసేజ్ ఫోల్డర్’ అనే ప్రాపర్టీతో పంపిన నకలు ఏ ఫోల్డరులో పడాలో చెప్పవచ్చు. ‘రసీదులు’ అని ఫోల్డరు పెట్టి అక్కడికి మళ్లించాను. పంపగానే నకలును తీసేయమనే ప్రాపర్టీ కూడా ఉంది కానీ, రేపెవరైనా రసీదు రాలేదంటే చూపించడానికి నకలు కావాలి. నిన్నటి సున్నా ఇవాళ పంతొమ్మిది అయింది. యజమాని గారికి చెప్పడానికి మళ్లీ ఆయన గదికి వెళ్లాను. ఈసారి భుజం తట్టలేదు.

14వ రోజు

బాబాయి గారు చిట్టా అంతా వేలితో చదివారు. “జవాబు వెళ్లిన తేదీ ఉంది. డిస్పోజల్ గడి ఏదమ్మా?”

జవాబే కదా బాబాయి గారూ డిస్పోజల్ అన్నాను. ఆయన నవ్వి, ఒక వరుస చూపించి మెయిల్ తెరవమన్నారు. స్టోర్స్ నుంచి వెళ్లిన జవాబు: “చూసి చెబుతాము.” ఇంకోటి తెరవమన్నారు: “ఫార్వర్డ్ చేశాము.” మూడోది నాది: “దయచేసి మోడల్ నంబరు తెలుపగలరు.” మాక్రో లెక్కలో మూడూ ముగిసినవే.

అప్పుడు ఒక గంటసేపు పని ఆపి ఆయన చెప్పింది విన్నాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన రెవెన్యూ ఆఫీసుల్లో నడిచిన టోటెన్‌హామ్ పద్ధతిలో, వచ్చిన కాగితాన్ని ‘కరెంటు’ అంటారు. దానికి నంబరు పడుతుంది, గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఎవరికి రాశాం, ఎవరి నుంచి తిరిగివచ్చింది, ఎప్పుడు గుర్తుచేశాం, అన్నీ అదే వరుసలో నడుస్తాయి. ఎన్ని ఉత్తరాలు పంపినా కరెంటు ముగియదు. ముగిసిందని అధికారి తేల్చి ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. లాంటి ఒక ముద్ర వేస్తేనే ముగుస్తుంది. ఆ ముద్రను బట్టే కాగితాన్ని ఎంతకాలం దాచాలో తెలుస్తుంది. చాలాకాలం కదలిక ఉండదని తెలిసిన ఫైళ్లు కాల్ బుక్‌లోకి వెళతాయి. పెండింగులో కనబడవు, పోవు కూడా.

“ఆ పద్ధతిలోనూ ఫైళ్లు ఏళ్ల తరబడి పడి ఉండేవి కదా?” అన్నాను. ఊరుకోలేక. “ఉండేవి. కానీ పడి ఉన్నాయని రిజిస్టరు చెప్పేది” అన్నారాయన.

15వ రోజు

మాక్రో నుంచి ఒక పని తీసేశాను. జవాబు వెళ్లినంత మాత్రాన వరుసను మూసే పని. ఇప్పుడు జవాబు సమయం రాస్తుంది, అంతే. మూయడం మనిషి పని. మెయిల్‌కు ఔట్‌లుక్ కేటగిరీ రంగు వేయాలి: ఆకుపచ్చ అంటే ముగిసింది, పసుపు అంటే కాల్ బుక్. కాల్ బుక్‌లో వేస్తే మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ అడుగుతుంది, ఆ తేదీన చిట్టాలోకి తిరిగి వస్తుంది. ఏ రంగూ లేనిది పెండింగే, ఎన్ని జవాబులు వెళ్లినా సరే.

దీనితో మరో చిక్కు కూడా విడిపోయింది. కొందరు డీలర్లు కొత్త మెయిల్ రాయరు. మూడు నెలల కిందటి మెయిల్ తెరిచి, దానికే జవాబుగా కొత్త సంగతి అడుగుతారు. కన్వర్సేషన్ ఐడీ ప్రకారం అది పాత సంభాషణే, మూసిన వరుసలోకి వెళ్లి మాయమయ్యేది. ఇప్పుడు మూసిన వరుసకు కొత్త మెయిల్ వస్తే కొత్త నంబరు పడుతుంది, పాత నంబరు పక్కన గుర్తుగా ఉంటుంది. నంబరు సబ్జెక్టులో కూడా చేరుతుంది. జవాబు నొక్కకుండా కొత్త మెయిల్ రాసినా సబ్జెక్టులో ఆ నంబరు ఉంటే చాలు, పట్టుకోవచ్చు.

చిట్టా తీస్తే పెండింగు ముప్పై నాలుగు. “పద్ధతి పెట్టాక పెండింగు పెరిగిందేమిటి?” అని యజమాని గారి ప్రశ్న. ఈసారి బాబాయి గారిని వెంట తీసుకెళ్లాను.

17వ రోజు

ఒక వరుసలో, అడగడానికి ఐదు గంటల ముందే జవాబు వెళ్లినట్లు ఉంది. మెయిల్ వచ్చిన సమయాన్ని ఔట్‌లుక్ మన గడియారం ప్రకారం ఇస్తుంది. చివరిసారి జవాబు నొక్కిన సమయాన్ని ప్రాపర్టీ యాక్సెసర్ అనే మరో దారిలో అడిగితే యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, ఇస్తుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనుక. మార్చుకునే ఫంక్షన్ పక్కనే ఉంది. పెట్టాను.

19వ రోజు

డిస్పాచ్ అబ్బాయి నా సీటులో కూర్చుని, పైన మూలలో ‘కొత్త ఔట్‌లుక్’ అనే మీట కనబడితే నొక్కాడట. మాక్రోలన్నీ మాయం. కొత్త ఔట్‌లుక్‌లో ఈ మాక్రోలు నడవవు. మీట వెనక్కి తిప్పితే వచ్చాయి, అరగంటకోసారి తిరిగే వెతుకులాట మధ్యలో వదిలేసినవాటిని పట్టుకుంది. పాత ఔట్‌లుక్‌ను కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంటే నేను కట్టినది అద్దె ఇల్లు. పైగా నా కంప్యూటరు ఆగితే రసీదులు ఆగుతాయి. తర్వాతి మజిలీ మైక్రోసాఫ్ట్ వారి పవర్ ఆటోమేట్ అనే సాధనం, అది సర్వర్ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఫరవాలేదు. అక్కడ తెలుగు ప్రశ్నార్థకాల బెడద ఉండదని ఆశ. ముందుగా రిజిస్టరు గడులన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. కోడ్ పోయినా గడులు పోకూడదు.

21వ రోజు

నంద్యాల సీల్ సెట్టు ఫ్యాక్టరీ నుంచి మొన్న వచ్చింది, నిన్న లారీలో వెళ్లింది. ఇవాళ డీలరు ఫోను చేసి, పేరు చెప్పకుండా “ఒకటో నంబరండీ” అన్నారు. పాత మెయిళ్లకు మాక్రో నడిపినప్పుడు ఆయన మెయిల్‌కే ఆ నంబరు పడింది. సరుకు అందిందట, కానీ పెట్టెలో ఒక రబ్బరు రింగు తక్కువట.

ఆకుపచ్చ రంగు వేయబోయి ఆగాను. వరుస తెరిచే ఉంది.